గూడుబండి నడక

చిన్నప్పుడు వేసవి సెలవులివ్వగానే అమ్మమ్మగారి ఊరికి గూడుబండిలో వెళ్ళేవాళ్ళం. రెండామడల దారి. తొలికోడి కూసే వేళకు తాతయ్య ఎడ్లు కట్టేవాడు. ఎండ ముదరకముందే దారిలో ఓ చింతతోపు చేరి, కాడి దించి, ఎడ్లకు నీళ్ళు చూపించి, గడ్డి వేసి, ఆ తర్వాతే మా చద్దిమూట విప్పేవాళ్ళం. మళ్ళీ పొద్దు చల్లబడితేగానీ కదిలేది లేదు. నా ధ్యాసంతా అమ్మమ్మగారి మామిడితోట మీద. "ఇంకా ఎంతసేపు తాతయ్యా?" అని పీక్కుతినేవాణ్ణి. "నన్నడిగితే ఏం లాభంరా, ఎడ్లనడుగు" అనేవాడు.

అరవై ఏళ్ళ నాటి మాట. ఇప్పుడు నాకు డెబ్భై దగ్గరపడ్డాయి. టెక్సస్‌లో డాలస్ పక్కన ప్లేనోలో ఉంటున్నాం. ముప్ఫై ఏళ్ళు ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాక, పిల్లలు వద్దంటున్నా వినకుండా ఒక పాత ఆర్వీ కొన్నాను. ఇరవై ఆరడుగుల పొడవు. డ్రైవరు సీటు వెనకే వంటిల్లు, భోజనాల బల్ల, బాత్రూమ్, ఆ చివర మంచం. మా ఆవిడ చూడగానే "ఇది గూడుబండే కదండీ" అంది.

గూడుబండే. కాకపోతే దీనికి ఎడ్లు లేవు. అలిసి నిలబడిపోయేవీ, దాహమై మొరాయించేవీ లేవు. 55 గ్యాలన్ల ట్యాంకు నింపితే నాలుగొందల మైళ్ళు ఆగకుండా పోతానంటుంది. పోతానంది కదా అని పోనిచ్చాం, మొదట్లో. నాలుగు వేసవులు తిరిగాక తెలిసొచ్చినవి రాస్తున్నాను. బండి కొందామనుకునే మనవాళ్ళు తరచూ అడుగుతుంటారు. ఏ కంపెనీది మంచిదో మాత్రం నన్నడక్కండి.

1. మైళ్ళ లెక్క

మొదటి వేసవి 28 రోజుల్లో 11 రాష్ట్రాలు, 5,200 మైళ్ళు తిరిగాం. న్యూ మెక్సికో మీదుగా పైకెళ్ళి, యూటా, ఎల్లోస్టోన్, గ్లేసియర్, సౌత్ డకోటా అన్నీ చుట్టి కాన్సస్ మీదుగా దిగాం. మా బండి గ్యాలనుకు ఎనిమిదిన్నర మైళ్ళు ఇస్తుంది. అంటే ఆరొందల గ్యాలన్ల పెట్రోలు. ఎల్లోస్టోన్‌కు ఒకటిన్నర రోజు కేటాయించాం. 1872లో ప్రపంచంలోనే మొట్టమొదటి నేషనల్ పార్కుగా ప్రకటించిన చోటు అది. మేం అక్కడ ఎక్కువసేపు చూసింది మా ముందు కారు వెనక అద్దాన్ని. అడవిదున్నలు రోడ్డుకడ్డంగా నిలబడితే కార్లన్నీ ఆగిపోయాయి. నేను హారన్ కొట్టకుండా ఉండడానికి నాలుక కొరుక్కున్నాను. సాయంత్రానికి మరో క్యాంప్‌గ్రౌండ్ చేరాలి మరి.

ఇంటికొచ్చాక మా ఆవిడ రాసుకున్న నోటుపుస్తకం తిరగేశాను. పేజీల నిండా పెట్రోలు ధరలు, బంకుల పేర్లు. ఒక్కచోట "ఏదో నది, బాగుంది" అని ఉంది. ఏ నదో ఇద్దరికీ గుర్తురాలేదు.

ఆ ప్రయాణంలోనే నెబ్రాస్కాలో ఒక రాత్రి మా పక్క స్థలంలో దిగిన పెద్దాయన, రిటైరైన లారీ డ్రైవరు, మా మొహాలు చూసి జాలిపడి మూడు మూళ్ళ లెక్క చెప్పాడు. రోజుకు 300 మైళ్ళు దాటొద్దు, మధ్యాహ్నం 3 గంటలకల్లా దిగిపో, దిగినచోట 3 రోజులుండు. ఆర్వీ వాళ్ళలో చాలామందికి తెలిసిన సూత్రమే ఇది, నాకే తెలీదు. రెండో ఏడు దాన్ని పాటించాం. మూడో ఏటికి అదీ ఎక్కువే అనిపించింది. ఇప్పుడు మాది 150 మైళ్ళు, 2 గంటలు, కనీసం వారం. రెండింటికే దిగమనడానికి కారణముంది. బండిని వెనక్కి పెట్టి, నేల సమంగా ఉందో లేదో చూసి, నీళ్ళ గొట్టం, కరెంటు తీగ తగిలించేసరికి గంట పడుతుంది. ఆ పని వెలుగుండగా చేసినవాడు అన్నం తిని పడుకుంటాడు. చీకట్లో చేసినవాడు పెళ్ళాంతో పోట్లాడి పడుకుంటాడు.

2. టైరు వయసు

రెండో వేసవి జూన్‌లో అమరిల్లో వైపు 287వ నంబరు హైవే మీద పోతున్నాం. బయట 104 డిగ్రీల ఫారెన్‌హీట్. నేను గంటకు 72 మైళ్ళలో ఉన్నాను. వెనక తుపాకీ పేలినట్టు చప్పుడైంది. వెనక జంట చక్రాల్లో లోపలి టైరు పేలి, ఆ రబ్బరు పేలిక కొరడాలా తిరిగి, చక్రం మీది రేకునూ, కింద నీళ్ళ గొట్టాన్నీ చీల్చేసింది. సాయం వచ్చేసరికి మూడు గంటలు. నీడకు చెట్టు లేదు. బండి నీడలోనే, బండి జరిగినట్టల్లా కాదు, పొద్దు జరిగినట్టల్లా కుర్చీలు జరుపుకొంటూ కూర్చున్నాం.

వచ్చిన మెకానిక్ కుర్రాడు టైరు పక్కన ముద్రించిన అంకెలు చూపించాడు. చివరి నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2315 అని ఉంటే 2015లో 23వ వారంలో తయారైందన్నమాట. నా టైర్లకు తొమ్మిదేళ్ళు. పైన గాళ్ళు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి, ఎందుకంటే బండి ఎక్కువకాలం నిలబడే ఉంది. అమ్మినవాళ్ళు ఆ గాళ్ళే చూపించారు, నేనూ అవే చూశాను. రోడ్ల తారు వయసు లెక్కగట్టి బతికినవాణ్ణి, రబ్బరు కూడా ముసలిదవుతుందని తట్టలేదు. ఆర్వీ టైర్లు అరుగుదలతో కాదు, వయసుతో పోతాయి. ఆరేళ్ళు దాటితే అనుమానించాలి. దానికి తోడు ఎండ, బరువు, తక్కువ గాలి, వేగం కలిశాయంటే లోపల వేడి పుట్టి పొరలు విడిపోతాయి.

ఆ రోజు నుంచి నా ముల్లు 62 దాటలేదు. ఎండ మండే రోజుల్లో రెండింటిదాకా కూడా ఆగం, పొద్దున ఆరింటికి బయల్దేరి పదకొండుకల్లా ఆపేస్తాం. తొలికోడికి ఎడ్లు కట్టిన తాతయ్యకు ఇంజినీరింగు రాదు.

3. ఏసీని కాదు, కొండను నమ్ముకోండి

టెక్సస్ ఎండకు భయపడి పారిపోయేవాళ్ళం కాబట్టి ఏసీ ఉంటే చాలనుకున్నాం. ఆర్వీ అంటే పల్చటి గోడల రేకు డబ్బా. నెత్తిన ఒక ఏసీ. ఎంత బలమైనదైనా బయటికన్నా సుమారు 20 డిగ్రీలు తగ్గించగలదు, అంతే. బయట 105 ఉంటే లోపల 85. ఆ 85లో మా ఆవిడ పోపు పెట్టాలి.

పైగా కరెంటు లెక్క ఒకటి. మాది 30 ఆంపియర్ల బండి. 120 వోల్టులతో గుణిస్తే 3,600 వాట్లు. ఏసీకి పదిహేనొందలు, ఇండక్షన్ పొయ్యికి పద్ధెనిమిదొందలు, అయిపోయింది. ఎవరైనా వేణ్ణీళ్ళ మీట వేశారా, టప్పున బ్రేకరు పడిపోతుంది. సగం ఉడికిన పప్పు, ఆగిపోయిన ఏసీ, "మీట ఎవరేశారు?" అన్న విచారణ. సాయంత్రం ఐదింటికి క్యాంప్‌గ్రౌండ్‌లో అందరూ ఏసీలు వేస్తే వోల్టేజీ కూడా దిగజారుతుంది. 105 కిందికి పోతే ఏసీ కంప్రెసరుకే ముప్పు. వేసవి సాయంత్రాల్లో లో వోల్టేజీ అంటే ఏమిటో మనవాళ్ళకు నేను చెప్పక్కర్లేదనుకుంటా.

దీనికి మందు ఎత్తు. వెయ్యి అడుగులు పైకి పోయే కొద్దీ సుమారు మూడున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. ప్లేనో ఏడొందల అడుగుల లోపే. కొలరాడోలో బ్యూనా విస్టా దాదాపు ఎనిమిది వేలు. లెక్కేసుకోండి, పాతిక డిగ్రీలు ఊరికే వచ్చాయి. స్పానిష్ తెలిసినవాడు ఆ పేరును బువేనా అని పలకబోతే ఊరివాళ్ళు నవ్వుతారు, అక్కడ అది బ్యూనానే. ఊరి పక్కనే అర్కాన్సా నది, పడమట పద్నాలుగువేల అడుగుల శిఖరాల వరస. ఆ వరసలో శిఖరాలకు హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ అని యూనివర్సిటీల పేర్లు పెట్టారు. "మనవాళ్ళు చూస్తే ఇక్కడ కూడా అడ్మిషన్ అడుగుతారు" అంది మా ఆవిడ.

ఎనిమిది వేలు బాగుంటే పదివేలు ఇంకా బాగుంటుంది కదా అని ఆశపడ్డాను. నేరుగా లెడ్‌విల్ ఎక్కించాను. 10,150 అడుగుల పైమాటే. ఆ రాత్రి తలనొప్పి, ఆయాసం, నిద్రలేదు. అన్నం కూడా ఉడకలేదు. ఆ ఎత్తులో నీళ్ళు సుమారు 90 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి. గిన్నెలో బియ్యం ఎంతసేపు కుతకుతలాడినా గింజ మధ్యలో పలుకు పోదు. కుక్కరు లేకుండా కొండెక్కిన తెలుగువాడు బ్రెడ్డు తిని దిగాలి. ఇప్పుడు మెట్లు మెట్లుగా ఎక్కుతాం. ఐదారు వేల దగ్గర ఓ వారం, ఎనిమిది వేల దగ్గర నెల. అంతకుమించి ఎక్కితే పగలు చూసి సాయంత్రానికి దిగి రావడమే. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు బయల్దేరేముందు డాక్టరును అడగండి, నన్ను కాదు.

దిగుడు గురించి ఒక్క మాట. మొనార్క్ పాస్ 11,312 అడుగుల నుంచి దిగేటప్పుడు బ్రేకు మీదే కాలేసి కూర్చున్నాను. కాలిన వాసన వచ్చింది. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు వాడాలట. వెనకవాళ్ళు విసుక్కుంటే రోడ్డు పక్కన జాగా చూసి దారిచ్చి, టీ తాగి మళ్ళీ కదులుతాం.

4. నల్ల ట్యాంకు

ఆర్వీ ఫొటోల్లో కనపడని భాగం ఇది. బండికి మూడు ట్యాంకులు. మంచినీళ్ళది ఒకటి, స్నానం, గిన్నెల నీళ్ళకు బూడిదరంగు ట్యాంకు, మరుగుదొడ్డికి నల్ల ట్యాంకు. రంగుల పేర్లు వాళ్ళు పెట్టినవే, ట్యాంకులకా రంగులుండవు. మా మంచినీళ్ళది 40 గ్యాలన్లు, మిగతావి ముప్పయ్యేసి.

తిరుగుళ్ళ మీదున్నప్పుడు ప్రతి రెండో రోజూ డంప్ స్టేషన్ వెతుక్కోవాలి. గ్లవుజులు తొడుక్కుని, గొట్టం బిగించి, ముందు నల్లది, తర్వాత బూడిదది వదలాలి. బూడిద నీళ్ళు గొట్టాన్ని కడుగుతాయని ఆ వరస. ఒకచోట వారాల తరబడి ఉంటే, స్థలంలోనే డ్రైనేజీ గొట్టం ఉంటుంది కాబట్టి ఈ బాధ తప్పుతుందనుకున్నాను. తగిలించి, రెండు కవాటాలూ తెరిచిపెట్టి, హాయిగా ఉన్నాను. పదిరోజులకు వాసన. ఆ తర్వాత అసలు పోవడమే మానేసింది.

జరిగిందేమిటంటే, కవాటం తెరిచి ఉంచితే నీరంతా ఎప్పటికప్పుడు జారిపోయి, గట్టిది లోపలే గుట్టపడి ఎండిపోతుంది. నల్ల కవాటం ఎప్పుడూ మూసే ఉంచాలి. మూడువంతుల పైన నిండాకే ఒక్కసారి వదలాలి, అప్పుడు ఆ ఉరవడికి అంతా కొట్టుకుపోతుంది. ముప్ఫై ఏళ్ళు ఊరి మురుగు పైపులకు వాలు లెక్కలు కట్టినవాణ్ణి, నా బండికొచ్చేసరికి ఆ లెక్కే మరిచాను. ఆ గుట్టను కరిగించడానికి నేనూ, పక్క బండి మిస్సోరీ ఆయనా మూడురోజులు పడిన పాట్లు ఇక్కడ రాయను. మా ఆవిడ మాత్రం వాళ్ళ అక్కయ్యకు ఫోన్‌లో పూసగుచ్చినట్టు చెప్పింది.

నీళ్ళ విషయంలో మనకు పుట్టుకతో వచ్చిన విద్య ఒకటుంది. చెంబు స్నానం. షవరు కింద నిలబడితే పది గ్యాలన్లు పోతాయి. చిన్న బకెట్టు, చెంబు పెట్టుకుంటే అందులో కొద్దిపాటితోనే తల కూడా తడుస్తుంది. గొట్టాలేవీ లేని అడవి క్యాంపుల్లో చుట్టుపక్కలవాళ్ళు నాలుగో రోజుకు నీళ్ళకోసం బండి కదిలిస్తే, మేం తొమ్మిదోరోజు దాకా కదల్లేదు. ఎలాగని అడిగినవాళ్ళకు స్టీలు చెంబు చూపించాను. ఒకాయన ఫొటో తీసుకున్నాడు.

5. ఎర్రబస్సు

మోంటానాలో గ్లేసియర్ పార్కు మధ్యనుంచి కొండల మీదుగా పోయే రోడ్డు ఉంది, గోయింగ్ టు ద సన్ రోడ్డు. యాభై మైళ్ళు, 1933లో తెరిచారు. కొండను తొలిచి వేసిన ఇరుకు దారి. పైన నిటారు భాగంలోకి బంపర్లతో సహా 21 అడుగులు దాటిన బండిని పోనివ్వరు. నాది 26. మొదటి వేసవిలో ఈ సంగతి తెలీకుండా అక్కడిదాకా పోయి, వెనక్కి తిరిగి, చుట్టుదారిన వంద మైళ్ళు నడిపి, రెండోవైపు చేరేసరికి రాత్రి. మర్నాడు వేరే ఊళ్ళో బుకింగు. చూడకుండానే వచ్చేశాం.

నాలుగో వేసవిలో బండిని కింద క్యాంపులో వదిలేసి, అక్కడ తిప్పే పాత ఎర్రబస్సులో టికెట్టు కొన్నాం. 1936 నుంచి 39 మధ్య తయారైన బళ్ళు. పైకప్పు గుడ్డ వెనక్కి చుట్టేస్తే ఆకాశమంతా నెత్తిమీదే. 6,646 అడుగుల లోగన్ పాస్ దగ్గర దిగితే ఎదురుగా తెల్లటి కొండమేకలు. "యాభై ఏళ్ళ కిందట ఎర్రబస్సెక్కి వచ్చావా అని వెక్కిరిస్తే ఏడ్చాను. ఇప్పుడు డబ్బిచ్చి ఎక్కుతున్నాను" అంది మా ఆవిడ. నేను స్టీరింగు పట్టుకోని రోజు కాబట్టి, ఆ ప్రయాణంలో లోయలు చూసింది ఆ రోజే. స్టీరింగు వెనక కూర్చున్నవాడికి తెల్లగీత తప్ప మరేదీ కనపడదు.

6. డబ్బు సంగతి, చాతుర్మాస్యం

నిదానానికి ఖర్చు తక్కువ. రోజుకు 60 డాలర్లు అడిగిన చోటే నెలకైతే 900కు ఇచ్చారు, కరెంటు మీటరు మాత్రం వేరే. పెట్రోలు సగానికి పైగా తగ్గింది.

62 నిండిన పౌరులకూ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకూ జీవితకాలపు సీనియర్ పాసు 80 డాలర్లు. ఒకప్పుడు పది డాలర్లే, 2017 ఆగస్టులో పెంచారు. నాకు 62 నిండింది 2018లో. పుట్టడంలో కూడా ఆలస్యమే. నేషనల్ పార్కుల ప్రవేశం దానితోనే అయిపోతుంది, బండిలో మీతో ఉన్న అమ్మానాన్నలూ, వియ్యాలవారూ కూడా అందులోనే వస్తారు. ఫెడరల్ ప్రభుత్వపు క్యాంప్‌గ్రౌండ్లు చాలావాటిలో సగం ధర.

నేషనల్ ఫారెస్టుల్లో చాలాచోట్ల 14 రోజులకు మించి ఉండనివ్వరు. మొదట కోపమొచ్చింది. ఆలోచిస్తే మనదగ్గరా ఉన్న లెక్కే. సన్యాసి ఒకచోట పాతుకుపోకూడదు, కానీ చాతుర్మాస్యంలో ఊరు దాటకూడదు. తిరగడానికీ ఒక కాలం, నిలవడానికీ ఒక కాలం. వానాకాలంలో వాళ్ళు నిలిచిపోతే, ఎండాకాలంలో మేం నిలిచిపోతున్నాం. వాళ్ళకు దీక్ష, మాకు మోకాళ్ళు.

7. మజిలీ

మూడో వేసవిలో ప్లేనో నుంచి మిన్నెసోటాలోని డులూత్ చేరడానికే 18 రోజులు తీసుకున్నాం. అక్కడి నుంచి సుపీరియర్ సరస్సు ఒడ్డునే 61వ నంబరు రోడ్డు పట్టుకుని గ్రాండ్ మరే అనే చిన్న ఊరు దాకా. 110 మైళ్ళు. రెండు గంటల దారి. మాకు 35 రోజులు పట్టింది.

డులూత్‌లో ఒక వంతెన ఉంది. ఓడ వచ్చినప్పుడు నడిమి భాగమంతా నేరుగా పైకి లేస్తుంది. ఓడ హారన్ కొడితే వంతెన బదులు కొడుతుంది. ఇనుపరాతి గుళికలు మోసుకుపోయే వెయ్యి అడుగుల ఓడలు చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా పోతాయి. మొదటి రోజు నేను ఫొటో తీసి "పద" అన్నాను. "ఇంకోటి వస్తుందట, గంటలో" అంది మా ఆవిడ. కూర్చున్నాం. ఎనిమిది రోజులు పొద్దునే ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని పోయి కూర్చున్నాం. చివరికి పొగగొట్టం రంగు చూసి ఏ కంపెనీ ఓడో చెప్పే స్థాయికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో... కాదు, నలభై మూడేళ్ళు, ఆవిడకు ఓడలంటే ఇంత ఇష్టమని నాకు తెలీదు. బందరు దగ్గర పుట్టింది కదా, అడిగి ఉండాల్సింది.

విస్తీర్ణంలో ప్రపంచంలోకెల్లా పెద్ద మంచినీటి సరస్సు అది. జులైలో కూడా కాలు పెడితే ఎముకలు జిల్లంటాయి. పుష్కరాలనుకుని మూడు మునకలు వేస్తానని దిగిన ఆవిడ ఒక్కదానితో సరిపెట్టింది. స్ప్లిట్ రాక్ దీపస్తంభం దగ్గర రెండు సాయంత్రాలు గడిపాం. 1905 నవంబరు తుఫానులో అక్కడ ఓడలు రాళ్ళకు కొట్టుకుని పగిలాక కట్టారు, 1910లో వెలిగింది.

ఈ మజిలీల్లో మాకు తోడు ఒక పాత యాత్రికుడు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరారు. నడివేసవి. తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' ఆ వేసవిలో బండిలో పెట్టుకున్నాను. ప్రతి మజిలీలోనూ నీళ్ళు ఎలా ఉన్నాయి, అంగళ్ళున్నాయా, దిగడానికి వసతి ఉందా అని రాసుకుంటూ పోయారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ పని చేసిన మనిషి, చూపు నికరం. క్యాంప్‌గ్రౌండ్ గురించి మనకు కావలసింది సరిగ్గా అవే మూడు ముక్కలు. ఆయన్ను చూసి నేనూ రాయడం మొదలుపెట్టాను. నీళ్ళు: తియ్యన. అంగడి: అల్లం దొరికింది, పచ్చిమిర్చి సంతలో మాత్రమే. వసతి: నీడ బాగుంది, పక్కవాళ్ళ కుక్క మంచిది. మజిలీ అన్న మాట మన భాషలో ఉండబట్టే కాశీ మజిలీ కథలు పుట్టాయి. కథలన్నీ ఆగినచోట చెప్పినవే, నడుస్తున్నప్పుడు చెప్పినవి కావు.

ఊరు తెలియాలంటే లాండ్రోమ్యాట్‌కు పోవాలి. మ్యూజియంకన్నా అదే మేలు. బట్టలు తిరిగినంతసేపూ ఎవరూ ఎక్కడికీ పోలేరు. గ్రాండ్ మరేలో అలా కలిసిన ఒక పెద్దావిడ అడవి బ్లూబెర్రీలు ఎక్కడ కాస్తాయో చెప్పింది. ఊరికే చెప్పలేదు, మూడోవారం కలిసినప్పుడు చెప్పింది. మొదటివారం వానల గురించే మాట్లాడింది. ఆ పళ్ళతో మా ఆవిడ ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి తొక్కుడు పచ్చడి చేసింది. రేవులో పొద్దున పట్టి తెచ్చిన హెర్రింగ్ చేపలతో చింతపండు పులుసు. లాండ్రీ పెద్దావిడ రెండూ తిని, ముక్కు తుడుచుకుంటూ, మళ్ళీ వడ్డించుకుంది.

8. ఇరవై ఆరడుగుల్లో ఇద్దరు

బండిని వెనక్కి పెట్టేటప్పుడు ఒకరు తోలాలి, ఒకరు వెనక నిలబడి చెయ్యి ఊపాలి. ఆవిడ "ఇటు" అంటే నాకు అద్దంలో అటు. క్యాంప్‌గ్రౌండ్‌లో అందరూ కుర్చీలు వేసుకుని చూసే వినోదం ఇది. ఇప్పుడు చేతులూపడం మానేసి ఫోన్ కలుపుకుంటున్నాం. "డ్రైవరు వైపు", "పక్క సీటు వైపు" అనే మాటలే, కుడి ఎడమలు నిషేధం. అసలు మందు వేరే ఉంది. మొదటి వేసవిలో 24 చోట్ల పార్కు చేశాం, 24 పోట్లాటలు. పోయిన వేసవిలో తొమ్మిదే.

వారానికొక రోజు ఎవరి దారి వాళ్ళది. నేను ఊరి లైబ్రరీకి పోతాను. తను ఎటు పోయిందో అడగను.

9. బుకింగులు, పొగ

మొదటి ఏడు 28 రాత్రులూ ముందే బుక్ చేశాను. గొలుసులో ఒక లింకు తెగితే మిగతావన్నీ పోతాయి, డబ్బుతో సహా. ఇప్పుడు జులై నాలుగు, లేబర్ డే వారాంతాలకు మాత్రమే ముందుగా స్థలం పట్టుకుంటాను, మిగతా వేసవి ఖాళీ. పోయిన ఆగస్టులో మోంటానాలో అడవి కాలి, పొద్దున లేచేసరికి సూర్యుడు కుంకుమబొట్టులా కనిపించాడు. మా ఆవిడకు ఉబ్బసం. గంటలో సర్దుకుని గాలి ఏ వైపు బాగుందో అటు తిప్పాం. ఎవరికీ ఫోన్ చేసి బతిమాలక్కర్లేకపోయింది. గాలివానతోనూ జాగ్రత్త. కొలరాడోలో జులై మధ్యాహ్నాలు రెండు దాటితే ఉరుములు, ఈదురుగాలి. పందిరిలా చాచుకునే ఆనింగ్ గుడ్డను చుట్టకుండా సంతకు పోయి, తిరిగొచ్చేసరికి అది బండి కప్పు మీద వెల్లకిలా పడుంది. వదిలి పోయేది పది నిమిషాలకే అయినా చుట్టేసి పొండి.

10. వచ్చే వేసవి

మా అబ్బాయి ప్రాజెక్టు మేనేజరు. ప్రతి మే నెలలో "నాన్నా, ప్లాన్ పంపించండి, మేం ట్రాక్ చేసుకుంటాం" అంటాడు. మొదటి ఏడు నేను పంపింది పద్నాలుగు పేజీల పట్టిక. రోజు, మైళ్ళు, గంటలు, పెట్రోలు ఎక్కడ, అన్నం ఎక్కడ. రెండు వారాలు కేటాయిస్తే అలాస్కా కొట్టేసి రావొచ్చని వాడే సలహా ఇచ్చాడు అప్పట్లో.

ఈ ఏడు మిషిగన్ పైభాగం అనుకుంటున్నాం. మనవడు జులైలో ఒక వారం మాతో ఉంటానన్నాడు. వాడికి తొమ్మిదేళ్ళు, వెనక సీట్లోంచి "ఇంకెంతసేపు తాతయ్యా?" అంటాడు. జవాబు నాకు వచ్చు.

నిన్న రాత్రి మా అబ్బాయికి ప్లాన్ పంపాను. మూడు ఊళ్ళ పేర్లు, ఒక్కోదాని పక్కన నెల పేరు. పొద్దున వాడి మెసేజీ వచ్చింది: "మొదటి పేజీ ఒక్కటే వచ్చింది నాన్నా, మిగతావి మళ్ళీ పంపండి."